పంట పండుగ పోటీలో ఏది లెక్కకు రావాలి?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ఊహాలోకపు పాత్రలు పట్టుకుని పాచికలతో ఆడే ఆటల గురించి ఈమధ్య మీ లేఖల పేజీలో ఒక పాఠకులు రాసిన ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. బతుకమ్మ రోజుల్లో పిల్లలు గదిలో కూర్చుని, లేని అడవిలో లేని పండ్లు ఏరుతూ, దానికి పంట పండుగ పోటీ అని పేరు పెట్టుకుంటున్నారనీ, గుమ్మం బయట జరిగే అసలు పండుగ వారికి పట్టడం లేదనీ వారు బాధపడ్డారు. ఆ బాధను తేలిగ్గా తీసుకోలేను. ఎందుకంటే వారు చెప్పినటువంటి పోటీనే నాలుగేళ్లుగా హైదరాబాద్‌లోని మా నల్లకుంటలో నడుపుతున్నవారిలో నేనూ ఒకదాన్ని. జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేశాక, మనవడి వెంట ఈ ఆటలోకి వచ్చాను. మొదటి ఏడాది మా పోటీ అచ్చంగా ఆ పాఠకులు భయపడినట్టే జరిగింది. తర్వాత అలా జరగకుండా చూసుకోగలిగాం. పిల్లలు ఊహలో ఏరుతున్నారా, చేలో ఏరుతున్నారా అన్నదానికన్నా, వారు ఏరి తెచ్చినదాన్ని పెద్దలం ఏ లెక్కన కొలుస్తున్నామన్నదే ముఖ్యమని ఈ నాలుగేళ్లలో నాకు తెలిసివచ్చింది. ఆ సంగతే మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ ఆట ఎరగనివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారుచేసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట అచ్చయింది. అప్పటి నుంచి ఈ తరహా ఆటలు దేశదేశాలకూ పాకాయి. బల్ల చుట్టూ అయిదారుగురు కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్‌గా ఉండి కథ నడుపుతారు. మిగిలినవారు వేటగాడు, వైద్యురాలు, మంత్రగాడు, గొడ్డలి పట్టిన మరుగుజ్జు వీరుడు, ఇలా తలా ఒక పాత్ర పట్టుకుంటారు. తన పాత్ర ఏం చేయదలచుకుందో ఆటగాడు నోటితో చెబుతాడు. ఆ పని అయిందా కాలేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పాచికలో పడిన అంకెకు పాత్ర నేర్పుకు ఇచ్చిన మార్కులు కలిపి, గేమ్ మాస్టర్ పెట్టిన హద్దును అందుకుంటే అయినట్టు, లేకపోతే లేనట్టు. ఒగ్గుకథలో ఒకే మనిషి కాసేపు రాజుగా, కాసేపు తల్లిగా, కాసేపు కథకుడిగా మారడం చూసినవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు.

మా ఆటలోని ఊరు ఒక గుట్ట కింద ఉంటుంది. వెనుక అడవి, ముందు చెరువు, చెరువు కింద పొలాలు. మొదటి ఏడాది నేనే గేమ్ మాస్టర్‌గా కూర్చుని పంట పండుగ పోటీ నియమాలు రాశాను. కథలో పండుగ మూడు రోజులు. ప్రతి తెల్లవారుజామునా ఒక్కొక్క పాత్ర అడవికో, చెరువుగట్టుకో, చేలకో, గుట్టకో పోయి పాచిక వేయాలి. హద్దు 10. హద్దును అందుకుంటే ఆ చోటికి ముందే రాసిపెట్టిన పట్టికను బట్టి ఇన్ని పండ్లు, ఇన్ని మూలికలు, ఇన్ని తేనెపట్లు గంపలో పడతాయి. మూడో రోజు సాయంత్రం గ్రామదేవత గుడి ముందు గంపలు కుమ్మరిస్తే, ఎవరి కుప్ప పెద్దదైతే పంట కిరీటం వారిది.

ఇంటర్ చదివే ఒక కుర్రవాడు, పట్టికల్లో అడవి పట్టికే ఎక్కువ ఇస్తుందని మొదటి పది నిమిషాల్లోనే పసిగట్టాడు. అతని వేటగాడికి ఏరే పనిలో ఏడు మార్కుల నేర్పు ఉంది. అంటే పాచికలో 3 పడినా చాలు, ఇరవైకి పద్దెనిమిది సార్లు, నూటికి తొంభై వంతులు గెలుపు అతనిదే. ఏ నేర్పూ లేని పాత్రకు 10 పడి తీరాలి కనుక ఇరవైకి పదకొండు సార్లు, నూటికి యాభై అయిదు వంతులే అవకాశం. అతను మూడు రోజులూ అడవికే పోయి, అందరి కుప్పలూ కలిపినా సాటిరానంత పెద్ద కుప్ప పోశాడు. అందులో తప్పేమీ లేదు, నేను పెట్టిన నియమాన్ని నాకన్నా శ్రద్ధగా చదివాడు, అంతే. కుప్పలో ఏముందని అడిగితే “మూలికలు, మేడమ్” అన్నాడు. ఏ మూలికలని అడిగితే అతని దగ్గర జవాబు లేదు. పట్టిక రాసిన నా దగ్గరా లేదు. ఏళ్ల తరబడి పిల్లలకు మొక్కల పేర్లు చెప్పిన నేను ఒక పండుగనంతా ‘మూలికలు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టానే అన్న చింత చాలా రోజులు నన్ను వదలలేదు.

రెండో ఏడు నియమం మార్చాను. పాచిక గెలిస్తే చాలదు, ఏం కోశారో పేరు చెప్పాలి. అది మన నేల మీద, ఆ నెలలో నిజంగా దొరికేదై ఉండాలి. ఎక్కడ పెరుగుతుందో, ఏ భాగం కోస్తారో, ఎందుకు పనికి వస్తుందో చెప్పగలిగితే పూర్తి మార్కు, పేరుతో ఆగిపోతే సగం. ఒకే రకాన్ని రెండోసారి తెస్తే మళ్లీ సగమే. ఆ ఆదివారం బల్ల దగ్గర జరిగినదాన్ని కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు మరుగుజ్జు వీరుడి పాత్ర పట్టుకున్నాడు. పాచికలో 19 పడింది. “గునుగు కోశాను” అన్నాడు. ఎలా ఉంటుందని అడిగితే “తెల్లగా...” అని ఆగిపోయాడు. బజారులో కొనే గునుగు ఎర్రగానో నీలంగానో రంగు అద్దుకుని వస్తుంది కనుక, తెల్లగా అని చెప్పడమే ఆ పిల్లవాడి గొప్ప. సగం మార్కుకు అతనికి ఉక్రోషం వచ్చింది. మరుసటి ఆదివారం ఉప్పల్ వైపు వాళ్ల బడి వెనుక ఖాళీ ప్లాటులోంచి రెండు కంకులు కోసి, తడి కాగితంలో చుట్టి తెచ్చాడు. కాగితం విప్పి బల్ల మీద పెట్టగానే అందరం వంగి చూశాం. కంకి కొసన లేత గులాబి రంగు, కిందికి వచ్చేకొద్దీ వెండి తెలుపు. కొస ఇంకా పూస్తూనే ఉంది, అడుగున అప్పటికే గింజ పట్టింది. వేలితో తాకగానే ఆవగింజంత కూడా లేని నల్లని గింజలు నిగనిగలాడుతూ రాలి పాచికల పక్కన పడ్డాయి.

మా గుంపులో సిద్దిపేట వైపు పల్లె నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న పెద్దావిడ ఒకరున్నారు. మనవరాలిని దింపడానికి వచ్చి మూల కుర్చీలో కూర్చునే మనిషి, తర్వాత తానే వైద్యురాలి పాత్ర పట్టుకున్నారు. పిల్లలంతా నానమ్మా అని పిలుస్తారు. ఆమె ఒక గింజను వేలి కొసకు అంటించుకుని చూసి, “పువ్వు మంచిగ దెచ్చినవ్ బిడ్డా. గని గింజ ఆడనే దులిపి రావాలె. ఈడ బల్ల మీద వడితె వచ్చే యేడు నీకు పువ్వు ఏడికెల్లి వస్తది?” అన్నారు. తిట్టినట్టు కాదు, ఏదో మరిచిపోయిన వస్తువును గుర్తుచేసినట్టు అన్నారు. జొన్నచేలో, పెసరచేలో గునుగు కలుపు కింద మొలుస్తుందనీ, లేతగా ఉన్నప్పుడు ఆకును కూర వండుకుంటామనీ, వదిలిన మొక్కలే పెత్రమాస (మహాలయ అమావాస్య) నాటికి పూతకు వచ్చి బతుకమ్మకు ఎక్కుతాయనీ చెబుతూ పోయారు. ఆ పిల్లవాడు మాత్రం మాట్లాడకుండా గింజలన్నీ ఏరి పాచికల సంచిలో పోసుకున్నాడు. మర్నాడు బడికి పోతూ వాటిని ఆ ప్లాటులోనే చల్లివచ్చానని తర్వాతి వారం చెప్పాడు.

మా పోటీలోని అసలు నియమం నానమ్మ అన్న ఆ మాటలోంచే పుట్టింది. ఇప్పుడు ఆటలోని ప్రతి చోటుకూ ఇంత నిల్వ అని ముందే రాసి ఉంచుతాం. ఒక రోజులో అందులో సగానికి మించి ఖాళీ చేస్తే, మర్నాడు అక్కడ హద్దు 10 నుంచి 14కు పెరుగుతుంది. నూటికి తొంభై వంతులు గెలిచే వేటగాడి అవకాశం కూడా డెబ్బైకి పడిపోతుంది. నేర్పు లేని పాత్రకైతే యాభై అయిదు నుంచి ముప్పై అయిదుకు. గింజ దులిపానని, దుంపలో ఒక ముక్క మళ్లీ నేలలో పెట్టానని, తేనెపట్టులో పిల్లపట్టు, అంటే పిల్లలు పెరిగే భాగం, వదిలానని ఆటగాడు తనంతట తాను చెబితే ఆ చోటి హద్దు పెరగదు. మొదటి ఏడు గెలిచిన కుర్రవాడు ఇప్పుడూ లెక్కలు వేస్తాడు, వేయాలి కూడా. అయితే ఈసారి ఎంత వదిలితే మూడో రోజుకు కూడా అడవి మిగులుతుందన్నదే అతని లెక్క. తన వంతు రాకముందే పక్కవాడిని “అక్కడ ఇంక కోయకురా” అని ఆపడం నేను చెవులారా విన్నాను.

పేర్ల విషయంలో పిల్లలు తెచ్చే సమాచారం నన్నే ఆశ్చర్యపరుస్తోంది. తెలంగాణ రాష్ట్ర పుష్పం తంగేడు అని బడిలో అందరూ చదివారు. తంగేడు బెరడుతో తోళ్లు పదును చేసేవారని, పుల్లతో పళ్లు తోముకునేవారని చెప్పి పూర్తి మార్కు కొట్టేసిన అమ్మాయి ఆ సంగతులను వాళ్ల తాతయ్యకు ఫోన్ చేసి తెలుసుకుంది. సీతాఫలం తెంపానన్న మరొకరు “కండ్లు తెరిచిన కాయలే తెంపిన, గట్టియి వదిలేసిన” అన్నప్పుడు అడిగేందుకు నాకు ఇంకేమీ మిగలలేదు. పుట్టకొక్కుల దగ్గర మాత్రం కఠినంగా ఉంటాను. ఆటలో ఎన్నైనా ఏరవచ్చు కానీ, బయట ఇంటి పెద్దలు చేయి పట్టుకుని చూపించనిదే ఏ పుట్టగొడుగునూ ముట్టవద్దని, తెలియని ఏ ఆకునూ నోట పెట్టవద్దని ప్రతి ఏడూ పోటీకి ముందే చెబుతాను. కేబీఆర్ జాతీయ ఉద్యానవనంలో చూడడమే తప్ప ఆకు కూడా కోయరాదని, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడ వర్తిస్తుందని కూడా చెబుతాను. నిరుడు శీతాకాలంలో పిల్లలను అమీన్‌పూర్ చెరువుకు తీసుకుపోయాం. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన చెరువు అది. అక్కడి నుంచి తెచ్చుకున్నవన్నీ పేర్లే, గంపలో వేసుకునేది ఏదీ లేదు. వాటితోనే తర్వాతి పోటీకి చెరువుగట్టు పట్టిక తయారైంది.

ఇంకొక సంగతి. మూడో ఏడు పోటీలో ఒక సిగ్గరి అమ్మాయి పిల్లనగ్రోవి ఊదే పాత్ర పట్టుకుంది. ఏరే పనిలో ఆ పాత్రకు నేర్పు సున్నా. మూడు రోజులూ పాచికలో 4, 2, 7 పడ్డాయి. గంప ఖాళీ. అందరూ కుప్పలు పోస్తుంటే ఆ అమ్మాయి ఖాళీ గంప బొమ్మ గీసిన తన కాగితాన్ని బల్ల కిందికి జరుపుకుంది. నానమ్మ అది చూసి నా వైపు తిరిగి, “కోతలైనంక పరిగె ఏరుకునేటోళ్లు లేరా మీ ఊర్లె?” అని అడిగారు. వరి కోసి మోపులు కట్టాక మడిలో రాలి మిగిలిన వెన్నులను లేనివాళ్లు ఏరుకోవడమే పరిగె. కొడవలికి అందనిది ఏరుకునేవాడిది అన్నది పల్లెల్లో రాయని నియమం. మడిలోకి యంత్రం దిగాక ఆ మాట వినపడడమే తగ్గింది, బల్ల చుట్టూ ఉన్న పదకొండు మంది పిల్లల్లో ఒక్కరికీ అది తెలియదు. ఆ రోజు నుంచి మా ఆటలో ఖాళీ గంప ఉన్న పాత్ర మిగిలినవారి వెనుక నడిచి, వారు వదిలినదాన్ని పాచిక వేయకుండానే ఏరుకోవచ్చు. నిల్వను మిగిల్చినవారి వెనుక నడిస్తేనే పరిగె దొరుకుతుంది కనుక, ఎవరు ఎంత వదిలారన్నది అప్పుడు అందరి ముందూ బయటపడుతుంది.

కుప్పలు కొలిచే పద్ధతిని కూడా నానమ్మే మార్చారు. కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని సాగుతుంది. పిల్లలకు ఆ మాట ఎంత నచ్చిందంటే, ఇప్పుడు మెట్లెక్కేటప్పుడు కూడా లాభం అనే మొదలుపెడుతున్నారు. అందరి కుప్పల్లోంచి మొదటి మానికను, అంటే ఆ లాభాన్ని, ఖాళీ గంప ఉన్నవారికి పోయాలన్నది మాత్రం మేమెవరమూ చెప్పింది కాదు, ఆ పిల్లలే ఒక మాట అనుకుని పెట్టుకున్న నియమం.

ఇదంతా ఒక ఆట గురించే కదా, పత్రికకు రాయవలసినంత ఏముందని ఎవరైనా అడగవచ్చు. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఈ నగరంలోని కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో జరిగే పోటీలను గమనించండి. చాలా చోట్ల బహుమతి ఎత్తుకే. ఎత్తుకు బహుమతి పెడితే ఎత్తే వస్తుంది. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి బంతిపూలు బస్తాల్లో దిగుతాయి. లోపల అట్టపెట్టెలు, థర్మాకోల్ పెట్టి పైన పూలు పేర్చిన బతుకమ్మలను నేను కళ్లారా చూశాను. నగర శివార్లలో మిగిలిన కాసిని తంగేడు పొదలను కొమ్మలతో సహా విరిచి ఆటోల్లో వేసుకుపోవడమూ చూశాను. ఆ ఆడపడుచుల భక్తినీ శ్రమనూ నేను తక్కువ చేయడం లేదు. మొదటి ఏడు నేను రాసిన పట్టికలో ఉన్న లోపమే ఈ పోటీల నియమంలోనూ ఉంది. కుప్పను కొలిచినంత కాలం కుప్పే పెరుగుతుంది. మా కుర్రవాడు అడవిని ఖాళీ చేసింది చెడ్డవాడై కాదు, మేము మెచ్చుకున్నది దాన్నే కనుక.

అందువల్ల కాలనీ సంఘాల పెద్దలకు నా మనవి ఒకటే. ఎత్తుకు ఇచ్చే బహుమతిని తీసేయమని అడగడం లేదు. దాని పక్కన ఇంకొకటి పెట్టండి. గునుగు, తంగేడు, కట్ల, గుమ్మడి, బంతి, చామంతి, ఇలా బతుకమ్మలో పేర్చిన ప్రతి పువ్వు పేరునూ, అది ఎక్కడ పూసిందో ఆ ఇంటి పిల్లలు చెప్పాలి. ఎక్కువ రకాలు చెప్పినవారికి ఆ బహుమతి ఇవ్వండి. గునుగు కోసినచోట గింజ దులిపామని, తంగేడు కొమ్మ విరవకుండా పువ్వే తెంపామని చెప్పినవారికి మరో రెండు మార్కులు వేయండి. నిజంగా దులిపారో లేదో ఎలా తెలుస్తుందని కొందరు అడిగారు. మా బల్ల దగ్గర కూడా తెలియదు. అయినా నోటితో నలుగురి ముందూ చెప్పిన పిల్లవాడు తర్వాత ఆ మొక్క దగ్గర చేయి ఆపుతాడని నా అనుభవం.

పాచికలంటే జూదం కాదా అని ఆ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. పందెం లేనిది జూదం కాదు. మన ఇళ్లలో గవ్వలతో అష్టాచెమ్మా, పచ్చీసు ఆడినట్టే ఇదీనూ. మా పంట కిరీటం మొక్కజొన్న పొత్తుల పైపొరలతో అల్లినది, గెలిచినవారు మరుసటి ఏడు దాన్ని తిరిగి ఇచ్చేయాలి. ఈ అనుమానం వల్లనే మేము కూర్చునే అపార్ట్‌మెంట్ హాలును నిరుడు పండుగకు నాలుగు రోజుల ముందు మాకు ఇవ్వబోమన్నారు. దయ్యాల ఆట అని ఎవరో అన్నారట. వచ్చి ఒక్క గంట చూడమని కోరాం, ఎవరూ రాలేదు. మిద్దె మీద టార్పాలిన్ కట్టుకుని ఆడుకున్నాం, వానకు సగం పట్టికలు తడిసిపోయాయి.

అందుకే గ్రంథాలయాల వారికి కూడా ఒక మాట విన్నవించుకుంటున్నాను. 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వెలిసిన నగరం ఇది. తెలుగులో మాట్లాడుకోవడానికి, చదువుకోవడానికి నలుగురు కూర్చునే చోటు ఉండాలని ఆనాటివారు కష్టపడ్డారు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకే కుర్చీలు చాలడం లేదని నాకు తెలుసు, అక్కడ చోటు అడగను. వార్డుల్లో ఉన్న చిన్న శాఖల్లో ఎక్కడైనా, పండుగకు ముందు రెండు ఆదివారాల మధ్యాహ్నాలు ఒక గది, ఒక పెద్ద బల్ల ఇస్తే చాలు. పిల్లలు పువ్వు పేరు కోసం అక్కడి పుస్తకాలే తిరగేస్తారు. మా ఆటంతా తెలుగులోనే సాగుతుంది. పాచిక పడ్డాక ఏం జరిగిందో తన మాటల్లో చెప్పలేని పిల్లవాడు ఈ ఆట ఆడలేడు.

ఈ ఏడు ఎంగిలిపూల బతుకమ్మకు ముందు వచ్చే ఆదివారం మా పోటీ మొదలవుతుంది. హాలు దొరికితే హాలులో, లేకపోతే మళ్లీ మిద్దె మీదే. మీ పత్రికకు ఉత్తరం రాసిన ఆ పాఠకులను మా పిల్లలందరి తరఫునా ఆహ్వానిస్తున్నాను. వారు వస్తే ఆడడానికి ఒక పాత్ర, ఒక ఖాళీ గంప ఇస్తాం. కొలత మొదలుకాగానే లాభం వారి గంపలోనే పోస్తాం.

భవదీయురాలు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
నల్లకుంట, హైదరాబాద్